తాలు కుప్పలో చైనా

పోయినవారం మా మరదలూ నేనూ ఏడాది కారానికి మిరపకాయలు కొందామని చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ఒక దుకాణానికి వెళ్ళాం. దుకాణం అబ్బాయి దోసెడు కాయలు తీసి మా ముందు పోసి, మిషను ఏరిన సరుకండీ, వెతికినా తాలు దొరకదు అన్నాడు గర్వంగా. మరదలు సంతోషించింది. నేను మాత్రం ఎనభై దాటిన కళ్ళకు జోడు సవరించుకుని ఆ ఎర్రటి కుప్పలో ఒక్క తాలుకాయైనా కనబడుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాను. "వదినా, మంచికాయలు ఏరుకునేవాళ్ళని చూశాను గాని, తాలు కోసం దేవులాడే మనిషిని నిన్నే చూశాను" అంది మరదలు. నిజమే మరి. మన ఈడువాళ్ళకు తాలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు గాని, పిల్లలెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. కల్లంలో ఎండిన కాయల్లో రంగు రాక పాలిపోయి, తెల్లగానో పచ్చగానో మిగిలిపోయిన కాయల్ని తాలు అంటారు. ఎర్రకాయ ఒక పక్కకీ తాలు ఒక పక్కకీ ఏరడం మా వైపు ఆడకూలీల పని. నా నలభై ఏళ్ళ ఉద్యోగమూ, నాకున్న కాస్త పేరూ అట్లాంటి ఒక తాలు కుప్పలోంచే దొరికాయంటే మరదలు నమ్మలేదు. మీరైనా నమ్ముతారని ఇది రాస్తున్నాను.

నా వృత్తి చెబితే ఇప్పటికీ చాలామంది రెండోసారి అడుగుతారు. వందల ఏళ్ళ కిందట చైనా నుంచి ఓడల మీద మన తీరానికి వచ్చి, ఇక్కడ పగిలి, ఇక్కడి మట్టిలో కలిసిన పింగాణీ పెంకుల్ని చూసి, అవి ఏ కాలానివో ఏ బట్టీలో కాల్చినవో చెప్పడం నా పని. పగలనివాటిని ఎవరో ఒకరు వాడుకుంటారు, పగిలినవే మా వంతు. నాన్న పేటలో ఒక జిన్నింగు మిల్లులో దూది రకం చూసే గుమాస్తా. నాన్నది పత్తి ఉద్యోగం, నాది మట్టి ఉద్యోగం, రెండూ ఉత్త వట్టివేనని అమ్మ తీర్మానం. చిన్నప్పుడు మాట వినకపోతే అమ్మ నన్ను పెంకిఘటం అని తిట్టేది. పెద్దయ్యాక నేను పెంకులూ ఘటాలే బతుకుతెరువు చేసుకుంటే, తన నోటిమాట అంత కచ్చితంగా ఫలిస్తుందని తెలిస్తే కలెక్టరువని తిట్టేదాన్ని కదే అని వాపోయింది.

నేను ఎమ్మే చదివింది విశాఖలో. మాకు పాఠం చెప్పిన మాస్టారి దగ్గర చైనా పింగాణీ మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. అందులో గిన్నెలూ పళ్ళేలూ కూజాలూ పేజీల నిండా బొమ్మలే, కాకపోతే అన్నీ నలుపు తెలుపు ఫొటోలు. ఆ ఫొటోలు చూసే నేను వాటికి మనసిచ్చేశాను. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు కూడా నలుపు తెలుపు ఫొటోలు చూసే కుదిరేవి కనుక, అసలు రంగు తర్వాతెప్పుడో తెలియడం మాకేమీ వింత కాదు. పుస్తకంలో ప్రతి బొమ్మ కింద ఆకుపచ్చ అనీ తెలుపు అనీ రాసి ఉండేది, నేను చదివి తలూపేదాన్ని. మా ఇంట్లో చైనా అంటే ఊరగాయ జాడీ ఒక్కటే. అసలైన చైనా పెంకు ఒక్కటీ నేను చేత్తో పట్టుకోలేదు, కంటితో చూడలేదు. ఈ సంగతి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అరవైల మొదట్లో మా పురావస్తు శాఖ ఆఫీసు వాళ్ళు చీరాలకు దిగువన సముద్రపొడ్డు పల్లె ఒకదానిలో తవ్వకం మొదలుపెట్టారు. అప్పటికింకా ప్రకాశం జిల్లా పుట్టలేదు, అంతా గుంటూరు జిల్లాయే. ఊరి పేరు మాత్రం చెప్పను, చెబితే నిధులున్నాయని దిబ్బ మీద పలుగులు పడతాయి. కాకతీయుల కాలంలో అక్కడ ఓడలు ఆగేవని పెద్దలు చెప్పగా విన్న మా ఆఫీసరుగారు, ఓడలు ఆగితే సరుకు దిగి ఉంటుందని, సరుకు దిగితే కొంతైనా పగిలి ఉంటుందని లెక్కవేసి, ఎంతో మందిని ఒప్పించి ఆ తవ్వకానికి అనుమతి తెచ్చుకున్నారు. ఆయనది పొడుం పీల్చే ముక్కు, పొడిపొడి మాటలు. ఆడపిల్లని తవ్వకానికి పంపడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. నాకంటే పెద్ద ఉద్యోగి ఒకాయనకు టైఫాయిడ్ తగిలి, నాకు బొమ్మలు గీయడం వచ్చు గనక, వేరే దిక్కులేక నన్ను పంపారు. ఇంట్లో నాన్న పెట్టిన గడువు కూడా ఆ ఒక్క తవ్వకమే. అందులో నెగ్గితే నా ఇష్టం, లేకపోతే నోరెత్తకుండా గుంటూరులో టీచరు ట్రెయినింగులో చేరాలి. దరఖాస్తు తెచ్చి, నా పేరు కూడా రాసి, బీరువాలో పెట్టి మరీ పంపించాడు. విశాఖవైపు ఆడపిల్లని గుంట అంటారు. ఆ గుంట కాస్తా ఇక్కడ గుంటలోకి దిగిందన్నమాట.

ఆ ఏడు పర్చూరు వైపు మిరపతోటలకు తెగులు తగిలి పనుల్లేక, పన్నెండుమంది ఆడవాళ్ళ ముఠా ఒకటి కూలికోసం మా దిబ్బకు వచ్చింది. సరుగుడు తోట పక్కన తాటాకు పాకలు వేసుకుని ఉండేవాళ్ళు. నేను ఊళ్ళో బడిపంతులమ్మగారింట్లో గది తీసుకున్నాను. ముఠాకి పెద్ద ఒక యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా, చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయేమో అనిపించే మనిషి. అందరూ పెద్దక్క అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులూ ఆమె చేతులకు ఊరట అనేది నేను చూడలేదు. తూర్పున ఒక గుంట, పడమట ఒక గుంట తవ్వుతున్నాం. మగవాళ్ళు తవ్వి పోసిన మట్టిని ఆడవాళ్ళు జల్లెడపట్టి, మిగిలిన పెంకుల్ని చాపల మీద పోసుకుని ఏరాలి.

మొదటిరోజు పొద్దున నేను కొత్త నోటుపుస్తకమూ కొత్త గొడుగూ పట్టుకుని వాళ్ళ ముందు నిలబడి, "మీకు మిరపకాయలు ఏరడం వెన్నతో పెట్టిన విద్య కదా, అట్లాగే ఏరండి. పనికొచ్చేవి గంపలో వేయండి, పనికిరానివి పక్కన పెట్టండి" అని ఉపన్యాసం ఇచ్చాను. వాళ్ళకు తెలిసిన పనితో పోల్చి చెప్పగలిగినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. పెద్దక్క తల గోక్కుని, "పనికొచ్చేయి అంటే ఏయమ్మా అమ్మాయిగారూ? ఒకటి చూపిత్తే..." అంది. చూపించడానికి నా దగ్గరేముంది! "ఇన్నేళ్ళు ఏరుడు పని చేశావు, ఆ మాత్రం తెలియదా ఏం?" అని కసిరాను. మనకు తెలియని సంగతి ఎదుటివాళ్ళు అడిగినప్పుడు కసరడం కంటే సులువైన దారి లేదు, ఆ దారిన నేను ఇరవై మూడేళ్ళ వయసులోనే నడిచాను.

ఏరారు. ఎంత బాగా ఏరారంటే, రోజూ సాయంత్రానికి ఎర్రటి కుండపెంకులు గంపల కొద్దీ నేను రాసుకునే గుడారం ముందు నిలబడేవి. మూకుడు అంచులు, కూజా మూతులు, దీపపు ప్రమిదలు, అన్నీ మన మట్టివే. నేను ఒక్కోదానికి అంకె వేసి, బొమ్మ గీసి, ఇవాళ ఏ గుంట ఎంత లోతు దిగిందో రాసుకుంటూ తల ఎత్తేదాన్ని కాదు. చైనా పెంకు మాత్రం ఒక్కటీ లేదు. వారం గడిచింది, పది రోజులయింది, లేదు. ఆఫీసరుగారు గుంటూరు నుంచి కార్డు రాశారు. శనివారం జీపులో వస్తున్నాను, ఓడ సరుకు ఒక్క ముక్కయినా కనబడకపోతే గుంటలు పూడ్చేయించి ఇంటికి వెళ్ళు, అని మూడు ముక్కల్లో. ఆ కార్డు చదివి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆయన జీపు దిగబడకుండా దారిలో గుంతలు పూడ్చమని బండి తోలే సాయిబు బాబాయికి పురమాయించడం. పనికిరాని పెంకులేవో ఉంటాయిగా, అవి పోసేయి బాబాయ్ అన్నాను. మంచివాడు, చెప్పిన పని చెప్పినట్టు చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం పంతులమ్మగారింటికి భోజనానికి వెళ్ళబుద్ధి కాక, మొట్టమొదటిసారి ముఠావాళ్ళ దగ్గర పందిట్లో కూలబడ్డాను. వాళ్ళు జొన్నన్నం మూటలు విప్పుకుని తింటున్నారు. పెద్దక్క పక్కనే ఒక విరిగిన పళ్ళెం అడుగులో పండుమిరప పచ్చడి పెట్టుకుని, ముద్దముద్దకీ వేలితో అద్దుకుంటోంది. పచ్చడి తరిగేకొద్దీ అడుగున ఏదో గీతలాగా తేలింది. నేను ఊరికే చూస్తున్నాను. ఆమె వేలు ఇంకోసారి చుట్టూ తిరిగేసరికి ఒక తోక బయటపడింది. ఇంకో ముద్దకు మొప్పలు, కన్ను. ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా ఈదుతున్న రెండు చేపలు. విశాఖలో మాస్టారి పుస్తకంలో, కుడిచేతి పేజీ మీద, నేను కనీసం వందసార్లు చూసిన చేపలవి.

"పెద్దక్కా, అది ఎక్కడిది?" అన్నాను.

"తాలుదమ్మా. ఉప్పూకారం పెట్టుకోటానికి వాటంగా ఉందని తెచ్చుకున్నా. తప్పయితే పెట్టేత్తాలే."

"మా అత్తకి దొరల పళ్ళెంలో తింటేగాని ముద్ద దిగదంట అమ్మాయిగారూ" అని కోడలు ఎత్తిపొడిచింది, అందరూ నవ్వారు.

"తాలేమిటి?"

"రోజూ ఏరి పక్కన పోసేదేనమ్మా. ఎర్రయ్యి గంపలోకి, పాలిపోయినయ్యి తాల్లోకి. మీరు మిరపకాయ ఏరినట్టే ఏరమన్నారుగా!"

నేను ఆ పళ్ళెం ముక్క లాక్కుని చెంబులో నీళ్ళు పోసి కడిగాను. ఇసకలో ఇన్ని వందల ఏళ్ళు నలిగి మెరుపు చచ్చింది గాని, కింద లేత ఆకుపచ్చ. నానబెట్టి పొట్టు తీసిన పెసరపప్పుకీ, అప్పుడే తొడిగిన వెదురాకుకీ మధ్య రంగు. పుస్తకంలో ఆకుపచ్చ అని రాసి ఉన్నది ఇది. దీన్ని చూసి ఎవరైనా తాలు అనుకోవడంలో వింత లేదు. ఎర్రకాయే సరుకని పుట్టినప్పటి నుంచి నేర్చిన చేతులవి, పాలిపోయినది కంటబడితే మెదడుకు చెప్పకుండానే పక్కకు తోసేస్తాయి. చెప్పవలసిన మెదడు నాది, అది గొడుగు కింద కూర్చుని బొమ్మలు గీస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కళ్ళు తుడుచుకుంటే చేతికంటిన పండుమిరప పచ్చడి కళ్ళలో పడి, ఇంకా ఏడ్చాను. ముఠా అంతా చెంబులతో నీళ్ళు నా మొహాన కొట్టారు. ఆ ఏడుపులో ఎంత పాలు సంతోషమో ఎంత పాలు కారమో ఈనాటికీ చెప్పలేను.

"పారబోశారా ఆ తాలంతా?" అన్నాను కళ్ళు తెరవలేక.

పెద్దక్క నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "తాలు పారబోత్తారా ఎవురైనా? దానికీ బేరగాళ్ళు వత్తారు. ఆసామి సొమ్ము అది, పారెయ్యటానికి మనదా?"

పందిరి వెనక్కి తీసుకువెళ్ళి చూపించింది. తూర్పు గుంట తాలు ఒక వరస, పడమటి గుంట తాలు ఒక వరస. ఏ రోజు కుప్ప ఆ రోజుదే, కుప్పకీ కుప్పకీ మధ్య తాటాకు మట్ట అడ్డం. మిరపతోటలో అదే పద్ధతి. సాయంత్రం ఆసామికి ఆనాటి తాలు విడిగా చూపించి, ఇందులో మంచికాయ కలవలేదని అనిపించుకుంటేగాని కూలీ ఇంటికి పోదు. మరి నాకెందుకు చూపించలేదని అడగబోయి ఆగిపోయాను. ఆమే చెప్పింది, "రోజూ పొద్దుగూకే యాళ గుడారం కాడ నిలబడే వాళ్ళమమ్మా. మీరు రాసుకుంటా ఉండేవాళ్ళు. సదూకున్నోళ్ళు రాసుకునేటప్పుడు పిలవకూడదేమోలే అని ఎల్లిపోయేవాళ్ళం."

ఏ రోజు ఏ గుంట ఎంత లోతు దిగిందో నా పుస్తకంలో ఉంది. ఏ రోజు ఏం దొరికిందో ఆమె కుప్పల్లో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే ఏ పెంకు ఏ పొరలోదో తెలిసిపోతుంది. నేను గాలిలో తేలిపోతూ కుప్పలు లెక్కపెట్టాను. పడమటి వరసలో మొదటి మూడు కుప్పలు లేవు. మట్టలు మాత్రం ఉన్నాయి. "అయ్యి సాయిబు బాబాయి తోలుకుపోయాడమ్మా, దార్లో గుంతలకి. మీరే చెప్పారంటగా" అంది పెద్దక్క.

శనివారం పొద్దున్నే ముఠా అంతా దారి పొడుగునా గొంతుకూర్చుని, మేం పోయించిన పెంకుల్ని మేమే ఏరుకుంటుండగా జీపు వచ్చింది. నేను చేతులు రెండూ చాపి దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఏమ్మాయ్, సత్యాగ్రహమా?" అన్నారు ఆఫీసరుగారు తల బయటపెట్టి. "ముందుకు రాకండి సార్, చక్రాల కింద చైనా ఉంది" అన్నాను. ఆ ముందు ఏడే చైనాతో యుద్ధం అయి ఉండబట్టి డ్రైవరు అదిరిపడి బ్రేకు వేశాడు. ఆ మాట నోటా నోటా ఊళ్ళోకి పాకి, చైనావాళ్ళ సామాన్లు దొరికాయట, వాళ్ళింకా ఇక్కడే ఎక్కడో ఉన్నారట అని సాయంత్రానికి మునసబుగారు ఇద్దరు వెట్టివాళ్ళని వెంటేసుకుని మరీ వచ్చి సరుగుడు తోటంతా గాలించి వెళ్ళారు.

ఆఫీసరుగారు రెండు చేపల పళ్ళాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. పొడుం పీల్చడం కూడా మరచిపోయారు. తర్వాత దారిలో పెంకులేమిటి, పందిరి వెనక కుప్పలేమిటి అని ఒక్కొక్కటే అడిగి, సంగతి సగం అర్థమయ్యేసరికి ఎర్రబడ్డారు. "ఈ ముఠాని ఇవాళే పంపించెయ్. చీరాల నుంచి కొత్తవాళ్ళని పిలిపిస్తాను. చూపించినా చేతకాక పాడుచేశారని రాసుకో, నీ తప్పేం లేదు" అన్నారు. ఆయనే దారి చూపించారు చూడండి. నేను తలూపితే చాలు. తవ్వకం సాగుతుంది, నాన్న బీరువాలో దరఖాస్తు అక్కడే ఉంటుంది, నా పేరు నిలబడుతుంది. పెద్దక్క వంగి గంపలు ఒకదాంట్లో ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. ఆ ఏడు తోటలు పోయాయని, ఇక్కడ పని పోతే వాళ్ళకు మళ్ళీ పని ఎప్పుడో తెలియదని నాకు తెలుసు. ధైర్యం వచ్చి మాట్లాడానని రాసుకోవాలని ఉంది గాని, అది నిజం కాదు. ఆ గంపలు పేర్చే చప్పుడు భరించలేక మాట్లాడాను.

"నేను చూపించలేదు సార్" అన్నాను. "ఆమె అడిగింది, నేను కసిరాను. చూపించడానికి నాకే తెలియదు. రంగున్న చైనా పెంకు నేను చూడడం నిన్ననే మొదటిసారి."

"మరి ఉద్యోగంలో చేరేటప్పుడు చెప్పలేదే?"

"చెబితే ఇచ్చేవారు కాదుగా సార్."

ఆయన డబ్బీ తీసి రెండు ముక్కుల్లోకీ పొడుం ఎక్కించి, మూడు తుమ్ములు తుమ్మేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ తర్వాత ఆయన నన్ను వదిలేసి, నా నోటుపుస్తకం తీసుకుని పెద్దక్క దగ్గరికి నడిచారు. పడమటి వరసలో ఒక కుప్ప చూపించి, ఇది ఏ రోజుది అని అడిగారు. "పోయిన మంగళారందయ్యా. ఆ రోజు మా కోడలికి జొరం, ఒక చెయ్యి తక్కువ, అందుకే కుప్ప చిన్నది." ఆయన పుస్తకం తిప్పి, "ఆ రోజు మూరెడు లోతు దిగారు కదా?" అని తప్పు లెక్క చెప్పారు కావాలని. "మూరెడు యాడ దిగామయ్యా, జానెడే! అడ్డం పెద్ద రాయి తగిలితే మద్దేనమంతా దానికే సరిపాయె." పుస్తకంలో నేను రాసింది జానెడే, రాయి సంగతీ ఉంది. ఇంకో కుప్ప అడిగారు, ఇంకోటి అడిగారు. అన్నీ అడిగి, చివరికి చాప మీద కూలబడ్డారు.

"ఈవిడ పుస్తకం నీ పుస్తకం కంటే నయం" అన్నారు నాతో. "ఇంకో రెండు నెలలు తవ్వండి. నువ్వు మాత్రం ఈ నెలంతా కలం ముట్టుకోవద్దు. ఈవిడ పక్కన కూర్చుని ఏరు."

అది శిక్ష అనుకుని ఇచ్చారో వరమనుకుని ఇచ్చారో ఆయనకే తెలియాలి. ఆ నెల రోజుల్లో నేను నేర్చుకున్నది ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు. నేను రంగు చెబితే పెద్దక్క బరువు చెప్పేది. చేతికి చల్లగా, నున్నగా, కనబడేదానికంటే బరువుగా తగిలితే ఓడది, గరుకుగా తేలిగ్గా తగిలితే మనదని రెండోరోజుకే పట్టేసింది. నాకు పది రోజులు పట్టింది. నడుం పట్టేసి నేను మూలిగితే, "అమ్మాయ్, చేతులాడించు, నోరు కాదు" అనేది. అమ్మాయిగారు కాస్తా అమ్మాయినైన రోజది, నాకు వచ్చిన బిరుదుల్లో దానిమీదే నాకు మక్కువ. దారిలో పోసిన మూడు కుప్పల్లో ఒకటిన్నర వెనక్కి వచ్చింది. మిగిలినది బళ్ళ చక్రాల కింద పిండి అయి, ఆ దారిలోనే ఉండిపోయింది.

నెల నిండే ముందు నాన్న బస్సు దిగి వచ్చాడు. చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం కనబడుతూనే ఉంది. ఆయన కూతురు గొడుగూ లేకుండా, కూలీల మధ్య చాప మీద మట్టికొట్టుకుని ఉంటే ఏమంటాడోనని నేను తల వంచుకున్నాను. మిల్లులో దూది పింజను రెండు బొటనవేళ్ళ మధ్య లాగి పోగు పొడవు చెప్పే మనిషి కదా, పెద్దక్క కళ్ళు మూసుకుని వేళ్ళతో పెంకులు విడదీయడం కాసేపు నిలబడి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, పంచె పైకి మడిచి, చాప అంచున కూర్చుని ఒక పెంకు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. ఇది మనది కాదుగదూ అని అడిగాడు. కాదన్నాను. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు, కాగితం జేబులోంచి తీయకుండానే.

తర్వాత నా కథ మామూలు ఉద్యోగస్తుల కథే. ఎక్కడ ఏ తీరాన తవ్వినా పచ్చపెంకు దొరికితే నాకు కబురు వచ్చేది. చీకటి గోదాముల్లో పెట్టెల ముందు కూర్చుని, ముందు కళ్ళు మూసుకుని చేత్తో పట్టుకున్నాకే కళ్ళు తెరిచేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలు అది నా యోగాభ్యాసం అనుకునేవారు. రెండు చేపల పళ్ళెం గురించి రాసిన మొదటి వ్యాసంలో పెద్దక్క పేరు రాశాను. స్థానిక కూలీల సహకారంతో అంటే చాలునని పైవాళ్ళు దిద్దారు. దిద్దనిచ్చాను. అప్పుడు నాకు మాటకు ఎదురుచెప్పే వయసు లేదు, ఆ వయసు వచ్చేసరికి వ్యాసం అచ్చయి చాలాకాలమయింది.

ఆ దశాబ్దం చివర్లో ఆ పెంకుల్ని గుంటూరు ఆఫీసులో ఒక అద్దాల బీరువాలో పేర్చి జనానికి చూపించడం మొదలుపెట్టారు. చర్చి సభలకు గుంటూరు వచ్చిన పెద్దక్కను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆమె చేపల పళ్ళాన్ని పలకరింపుగా ఓసారి చూసి, మిగతావాటి మీదికి వంగి, వరసగా చూసుకుంటూ పోయి, ఒక చోట ఆగింది. తామరరేకులు చెక్కిన గిన్నె అంచు అది.

"ఈడ ఏమని రాసుంది అమ్మాయ్?"

"తూర్పు గుంట అని."

"ఇది పడమటిది" అంది తేలిగ్గా, చూపుడువేలు నా ముందు చాపి. వేలి కొసన తెల్లటి గీత ఉంది. "ఇదే నన్ను కోసింది. నేను కూకున్నది పడమటి చాప మీద."

నేను నవ్వేసి ఊరుకున్నాను గాని, మనసు ఊరుకోక ఆ సాయంత్రమే పాత పుస్తకాలు తీయించాను. పడమటిదే. ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు చెయ్యి జారింది, ఆ చెయ్యి నాదే. చీటీ మార్చమని కాగితం పెట్టాను. బీరువాలో పెట్టిన వస్తువు మీద చీటీ మార్చాలంటే పైనుంచి ఉత్తరువు కావాలన్నారు. ఉత్తరువు కోసం రాశాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. ఉద్యోగంలో ఉండగా నాలుగుసార్లు రాశాను, విరమించాక రెండుసార్లు. నాలుగు జవాబుల్లో పరిశీలనలో ఉంది, రెండిటికి జవాబే లేదు.

ఇప్పుడు తవ్వకాలకు వెళ్ళే పిల్లలు నా కళ్ళముందు ఒక చిన్న యంత్రాన్ని పెంకు మీద ఆనించి, ఆ మట్టి చైనాలో ఏ కొండదో, ఏ నది పక్కదో క్షణంలో చెబుతున్నారు. చూసి ముచ్చటపడతాను, మేం ఒక జీవితం పోసి చెప్పింది వాళ్ళు టీ చల్లారేలోగా చెబుతున్నారు. అయినా ఆ యంత్రం పెంకు ఎక్కడ పుట్టిందో చెప్పగలదు గాని, తూర్పు చాప మీదికి వచ్చిందో పడమటి చాప మీదికి వచ్చిందో చెప్పలేదు. అది ఆ పూట అక్కడ కూర్చున్న మనిషి చెప్పాలి. చీటీ ఇప్పటికీ తప్పుగానే ఉంది. పెద్దక్క పోయి ముప్పయ్యేళ్ళు దాటింది. అది తప్పని తెలిసినవాళ్ళం చాలాకాలం ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్నాను.